చేపల తొట్టి నీళ్లు మార్చడానికి మోటారు అవసరం లేదు

రెండడుగుల తొట్టిలో నీళ్లు వాటంతట అవే మారే ఏర్పాటు ఇంట్లో చేసుకోగలమా అని అడిగారు. అనంతపురంలో మా ఇంట్లోనూ అంతే తొట్టి ఉంది. మోటారు, టైమరు జోలికి పోకండి. గొట్టానికి ఒక బెజ్జం పెడితే సగం పని అయిపోతుంది.

ఆ బెజ్జం సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకసారి తొట్టిలోంచి నీళ్లు తీయడానికి గొట్టం వేసి, గేటు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి తొట్టిలో నాలుగు వేళ్ల నీళ్లు మిగిలాయి. గప్పీ చేపలు పక్కకు ఒరిగి కొట్టుకుంటున్నాయి, ఫిల్టరు గాలి పీలుస్తూ గరగరలాడుతోంది.

తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టం కొనండి. ఒక కొస తొట్టి అడుగున గులకరాళ్ల దాకా దించి, రెండో కొస బయట తొట్టికంటే కిందకు వదిలి, తొట్టిలోపలి వైపు నీటి మట్టానికి రెండంగుళాల దిగువన వేడి మేకుతో బెజ్జం పెట్టండి. నీరు అక్కడికి దిగగానే బెజ్జంలోంచి గాలి చొరబడి ధార తెగిపోతుంది. ఈ కొలత తొట్టికి రెండంగుళాలంటే సుమారు 10 లీటర్లు, అంటే దాదాపు ఐదో వంతు. వారానికి అంత మార్చితే చాలు. గొట్టాన్ని నోటితో పీల్చకండి, నీళ్లు నింపి రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి దించండి. ముందుగా ఫిల్టరు ఆపడం మరవకండి.

కొత్త నీళ్ల బకెట్టును తొట్టికంటే ఎత్తున, కదలని బల్లపై పెట్టాలి. మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్టులోని గొట్టం, దాన్ని నొక్కే చక్రం ఇక్కడ అద్భుతంగా పనికొస్తాయి. సన్నని ధారగా వదిలితే రెండు మూడు గంటల్లో నిండుతుంది. బకెట్టులో తీసిన కొలతకు మించి ఒక్క చెంబు కూడా పోయకండి, అప్పుడు మరచిపోయి నిద్రపోయినా నేల తడవదు.

కుళాయి నీళ్లను ఒక రోజు ముందే పట్టి, మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలా వరకు పోతుంది. తొందరైతే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయాలి. వేసవి మధ్యాహ్నం మేడపై ట్యాంకు నీళ్లు మాత్రం నేరుగా వాడకండి, చెయ్యి కాలే నీళ్లు చేపలకెలా సరిపోతాయి?

బోరు నీళ్లైతే క్లోరిన్ బెడద లేదు, లవణాలు ఎక్కువ. ఆవిరైనంత మేరకే నింపుకుంటూ పోతే లవణాలు తొట్టిలోనే పేరుకుపోతాయి, అద్దంపై తెల్లటి చార అదే. కాబట్టి తీసి పోయాల్సిందే. అలాంటి నీళ్లకు గప్పీలు, మోలీలు బాగా తట్టుకుంటాయి.