నాన్నగారి వాచీ మోగినప్పుడల్లా ఆఫీసులో నాకు టెన్షన్

ప్రశ్న: మాది అనంతపురం, ఉద్యోగం కోసం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాం. నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల కింద హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేశారు, ఇప్పుడు గుండె పంపింగ్ 35 శాతమే ఉందంటున్నారు. పగలంతా ఇంట్లో ఆయనొక్కరే. ఈసీజీ తీసే స్మార్ట్‌వాచీ కొని అలర్ట్‌లు నా ఫోనుకి వచ్చేలా పెట్టాను. రోజుకి పదిసార్లు మోగుతోంది. దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు?

— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఆ వాచీకి హార్ట్ ఎటాక్‌ని పట్టే శక్తి లేదండీ. ఆసుపత్రిలో తీసే ఈసీజీ గుండెని 12 కోణాల్లో చూస్తుంది, వాచీది ఒకటే కోణం, అదీ ఆయన రెండో చేతి వేలు దానికి ఆనించి 30 సెకన్లు కదలకుండా కూర్చుంటేనే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ లాంటి లయ తప్పే జబ్బులు పట్టడానికి పనికొస్తుంది. ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే మాత్రం వాచీ ఏం చూపించినా వదిలేసి 108కి ఫోన్ చేయాలి. మీరు సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటి ఇల్లు చేరేదాకా ఆగే పని కాదది, పక్క ఫ్లాటు వాళ్లకి ఒక తాళంచెవి ఇచ్చి ఉంచండి.

ఇక పదిసార్లు మోగడం అంటారా, ముందు పట్టీ చూడండి. వాచీ వెనక ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికని బట్టి నాడి లెక్కేస్తుంది, పట్టీ వదులైనా, చెయ్యి ఊగుతున్నా ఆ లెక్క తప్పుతుంది. పట్టీ సరిచేసినా మోగుతుంటే, కళ్లు తిరుగుతున్నా, గుండె దడ ఉన్నా డాక్టరుకి చెప్పండి, ఒకటి రెండు రోజులు హోల్టర్ (ఒంటికి తగిలించుకుంటే ఆపకుండా ఈసీజీ రాసే చిన్న యంత్రం) పెడతారు, లేదంటే రెండు వారాల దాకా ఛాతీకి అంటుకుని ఉండే ప్యాచ్. అన్నట్టు, 1940ల్లో నార్మన్ హోల్టర్ తయారుచేసిన మొదటి యంత్రం దాదాపు 40 కిలోల మూట, వీపున మోయాల్సి వచ్చేది!

నన్నడిగితే పంపింగ్ తగ్గినవాళ్లకి వాచీ కన్నా బరువు చూసే మిషన్ ముఖ్యం. గుండె సరిగ్గా పంప్ చేయకపోతే ఒంట్లో నీరు చేరుతుంది, లీటరు నీరు చేరితే కిలో బరువు పెరుగుతుంది, కాళ్ల వాపు, ఆయాసం చాలావరకు ఆ తర్వాతే. పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు, రోజూ అదే లుంగీతో చూసి క్యాలెండర్ మీద రాయమనండి. రోజులో కిలోకి పైగా గానీ, వారంలో రెండు కిలోలకి పైగా గానీ పెరిగితే డాక్టరుకి చెప్పాలి. మా మేనత్త ఒకసారి కొత్తావకాయతో నాలుగు రోజులు అన్నం తిని మూడు కిలోలు పెరిగింది, రాత్రి పడుకోలేక కూర్చునే తెల్లవార్లూ గడిపింది. ఒంట్లో నీరు నిలిపేసే ఉప్పు చేసే పని అది.

ఇంటి నుంచే మానిటరింగ్ అని ఆసుపత్రివాళ్లు ప్యాకేజీ ఇస్తామంటే, రాత్రి రెండింటికి రీడింగ్ తేడా వస్తే అటువైపు చూసేదెవరు, ఫోన్ చేసేదెవరు అని అడగండి. వాట్సాప్‌లో పెట్టండి, పొద్దున చూస్తాం అంటే ఆ డబ్బుతో మంచి బీపీ మిషన్ కొనుక్కోండి, మణికట్టుకి కాదు, జబ్బకి కట్టేది.