అడ్డుపడేది నాయన ఒక్కడేనా?

ప్రశ్న: పదో తరగతి, ఇంటర్ పిల్లల కోసం నవల రాస్తున్నాను. 1958లో అమెరికాలోని వర్జీనియాలో నల్లజాతి అమ్మాయి, తెల్లజాతి అబ్బాయి ప్రేమించుకుంటారు, అబ్బాయి నాయన ఒప్పుకోడు. అమ్మాయిని ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అని వర్ణించాను. 60 పేజీలయ్యాయి. చదివినవాళ్లంతా ‘సినిమా చూసినట్టుంది’ అంటున్నారు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీ కథలో ఆ నాయన మనసు మారితే చాలు, కథ అయిపోతుంది. చిక్కంతా అక్కడే. అప్పటి వర్జీనియాలో అడ్డం నిలిచింది చట్టం. తెల్లవాళ్లు వేరే జాతివాళ్లను పెళ్లాడటం 1924 చట్టం ప్రకారం నేరం. మీ కథలోలాంటి నిజమైన జంట మిల్డ్రెడ్, రిచర్డ్ లవింగ్ 1958 జూన్‌లో అలాంటి చట్టం లేని వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకొచ్చారు. జులైలో ఒకరోజు అర్ధరాత్రి దాటాక షెరీఫ్ (అక్కడి పోలీసు అధికారి) వాళ్ల పడగ్గదిలోకే వచ్చి అరెస్టు చేశాడు. కోర్టు ఏడాది జైలు వేసి, 25 ఏళ్లు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే శిక్ష నిలిపేస్తామంది. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసేనాటికి ఇలాంటి చట్టాలు 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ నాయనను మంచివాణ్ని చేసి చూడండి. కొడుకును కాపాడుకోలేని మంచివాడు మీ కథకు ఎక్కువ బరువిస్తాడు.

ఇంకోటి. అమ్మాయిని ‘నల్లగా ఉన్నా కళగా ఉంది’ అని వర్ణించానన్నారు. ఆ ‘ఉన్నా’లోనే వివక్ష ఉంది. పాత్ర నోటి నుంచి రావచ్చుగానీ, రచయితగా మీరు అనకూడదు. కథంతా అబ్బాయి కళ్లతోనే నడపకుండా ఒక అధ్యాయం అతనిది, ఒకటి ఆమెది పెట్టండి. ఇద్దరూ ఒకే బస్సెక్కుతారు. అతను ముందు సీట్లో కూర్చుని చెట్లు చూస్తాడు. ఆమె వెనక సీట్లోంచి అతను ఒక్కసారైనా తల తిప్పుతాడా అని చూస్తుంది. జరిగింది మళ్లీ మొత్తం చెప్పొద్దు, అతనికి కనబడనిదే ఆమె అధ్యాయంలో రావాలి.

ప్రశ్న: అదే కథ కులం పెట్టి మా ఊళ్లో నడిపితే?
– ఒక పాఠకుడు, కదిరి

జవాబు: పేర్లు మార్చినంత మాత్రాన కుదరదు. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది, ఊరు ఒప్పుకోదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఒక్కరైనా నోటీసు ఇచ్చే జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. పెళ్లి చేసుకుంటామని ఇచ్చిన ఆ నోటీసును వివాహ అధికారి ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. వేరే పనిమీద వచ్చిన ఊరి మనిషి ఆ కాగితం ముందు ఆగి పేర్లు చదివితే చాలు, ఆ నెలంతా భయమే.

ఇంటర్ పిల్లలైతే పెళ్లిదాకా పోవద్దు. బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిచే కాలంలో అమ్మాయి ఇంటికి అబ్బాయి వస్తాడు. అమ్మ నవ్వుతూనే నీళ్లిస్తుంది. వాడు పోయాక ఆ చెంబును బూడిదేసి తోమి, మిగతా సామాన్లతో కలపకుండా గోడ పక్కన బోర్లిస్తుంది. అమ్మాయి చూసి కూడా ఆ పూట నోరెత్తదు. అబ్బాయికి ఆ చెంబు సంగతి ఎప్పుడు, ఎవరివల్ల తెలుస్తుందో ముందు తేల్చుకోండి. మీ నవలకు మలుపు అక్కడే ఉంది.