మళ్లీ డిప్లాయ్ చేస్తే యాప్‌లో అప్‌లోడ్ చేసిన ఫోటోలు ఎందుకు పోతాయి?

యాప్‌లను నెట్‌లో నడిపే హెరోకు లాంటి ప్లాట్‌ఫామ్‌లో కంటైనర్‌కు (మీ యాప్ నడిచే విడి పెట్టె లాంటిది) ఉండే డిస్క్ తాత్కాలికం, అందుకే కంటైనర్ మారగానే అందులో రాసినవన్నీ పోతాయి. డిప్లాయ్ అంటే పాత కంటైనర్‌లో కోడ్ మార్చడం కాదు. గిట్‌లో (కోడ్‌ను, దాని మార్పులను దాచే సాధనం) ఉన్న కోడ్‌తో కొత్తది లేపడం. గిట్‌లో లేని ఫైల్ అందులోకి రాదు. హెరోకులో అయితే మీరు ఏమీ ముట్టుకోకపోయినా కంటైనర్ రోజుకోసారి రీస్టార్ట్ అవుతుంది, అప్పుడూ ఫైళ్లు పోతాయి.

నల్గొండలో ఒక బత్తాయి కమీషన్ దుకాణానికి యాప్ కట్టారనుకోండి. గుమస్తా పొద్దున 40 కాంటా చీటీల ఫోటోలు ఎక్కించాడు. మధ్యాహ్నం మీరు ఒక బటన్ రంగు మార్చి డిప్లాయ్ చేశారు. పట్టికలో 40 వరుసలూ భద్రంగా ఉంటాయి, ఎందుకంటే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంది. ఫోటో మీద నొక్కితే మాత్రం 404, అంటే ఫైల్ దొరకలేదని. కాబట్టి ఫైల్‌ను అమెజాన్ ఎస్3 లాంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు (ఫైళ్లను విడిగా దాచే సేవ) పంపి, డేటాబేస్‌లో దాని కీ, అంటే అక్కడ ఆ ఫైల్‌కున్న పేరు మాత్రమే దాచాలి.

చౌక ప్లాన్ కాబట్టే ఫోటోలు పోయాయని చాలామంది అనుకుంటారు, ఇంకా డబ్బు కట్టి పెద్ద ప్లాన్‌కు మారతారు. హెరోకులో అలా చేస్తే ర్యామ్ పెరుగుతుందేమో గాని డిస్క్ తీరు మారదు. డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ వాడినవాళ్ల పని ఇంకా అధ్వానం: అదీ ఆ డిస్క్ మీది ఫైలే కదా, వరుసలతో సహా పోతుంది.