మా సార్ తప్పుల పుస్తకం

"నాకు పని నేర్పిన పెద్దాయన ఇక కొద్ది నెలలే ఉంటారని డాక్టర్లు చెప్పారు. అలాంటి గురువు దగ్గర చివరి రోజుల్లో గడిపినవాళ్ళు ఏం నేర్చుకున్నారు? ఆయనను నేనేం అడగాలి?" అని మీరు అడిగారు. ఆరేళ్ళ క్రితం నేను కూడా ఇదే ప్రశ్న మనసులో పెట్టుకుని, సంచిలో ఒక కొత్త నోట్‌బుక్ వేసుకుని మా సార్ ఇంటికి వెళ్ళాను. అందుకే నాకు జరిగింది జరిగినట్టుగా రాస్తున్నాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. భవనం నిలబడటానికి స్తంభాలు ఎంత ఉండాలి, దూలాలు ఎంత ఉండాలి, వాటిలో ఇనుము ఎంత, ఎక్కడ పడాలి అని లెక్కలు కట్టడం మా పని. చదువు పూర్తయ్యాక ఆయన దగ్గరే చేరాను, పద్నాలుగేళ్ళు ఆయన కిందే పనిచేశాను. వీపు నొప్పి అంటూ కొన్నాళ్ళు గడిపారు, బరువు తగ్గారు, తరువాత కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లేమో అనుకుని పరీక్షలు చేయిస్తే ప్యాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్ అని తేలింది. ఈ జబ్బు చాలామందిలో ముదిరిన తరువాతే బయటపడుతుంది, ఆయన విషయంలోనూ అంతే, అప్పటికే కాలేయానికి పాకింది. ఆపరేషన్‌కు వీలు లేదన్నారు. పైత్యరసం దిగడానికి నాళంలో స్టెంట్ అనే చిన్న గొట్టం వేసి, నొప్పి తెలియకుండా చూసుకోవడమే ఇక మిగిలిన వైద్యమని చెప్పి ఇంటికి పంపారు. ఆ తరువాత ఐదు నెలలు ఉన్నారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను నోట్‌బుక్ తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన దాని వంక చూసి, "ఏమిటది?" అన్నారు. మీరు చెప్పేవి రాసుకుందామని, సార్, అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "లోపల పెట్టెయ్. ఒంట్లో బాగాలేదు తప్ప, పోయిన నెలకన్నా నాకు ఎక్కువ తెలిసిందేమీ లేదు. ఆ బాల్కనీ సంగతి ఏం చేశావు?" అన్నారు.

అప్పట్లో నా చేతిలో ఒక భవనం ఉంది, దానికి మామూలుకన్నా బాగా ముందుకు వచ్చిన బాల్కనీ ఉంది. ఒక వైపు మాత్రమే ఆధారం ఉండి గాలిలోకి చాచుకుని ఉండే స్లాబ్‌ను కాంటిలివర్ అంటాం. మామూలు స్లాబ్ మధ్యలో కిందికి వంగుతుంది కాబట్టి అక్కడ లాగుడు కింది భాగంలో ఉంటుంది, ప్రధానమైన ఇనుము కింద వేస్తాం. కాంటిలివర్‌లో ఇది తలకిందులు. లాగుడు పై భాగంలో ఉంటుంది కాబట్టి ఇనుము పైనే ఉండాలి. కాగితం మీద ఇది విద్యార్థికి కూడా తెలుసు. సైట్‌లో మాత్రం కాంక్రీట్ పోసేటప్పుడు పనివాళ్ళు ఆ పై కడ్డీల మీద నడుస్తారు, కాళ్ళ కింద అవి అణిగిపోతాయి, పైన ఉండాల్సిన ఇనుము మధ్యకో అడుగుకో దిగిపోతుంది. కాంక్రీట్ పోశాక పైకి ఏమీ కనిపించదు. సెంట్రింగ్, అంటే కాంక్రీట్ గట్టిపడేదాకా కింద నిలబెట్టే ఆధారం, విప్పిన రోజున కూలిపోయిన బాల్కనీలలో చాలావాటి వెనుక ఉన్న కథ ఇదే.

ఆయన నా చేత ఆ స్లాబ్ గీయించారు. దిండుకు ఆనుకుని, కళ్ళజోడు తుడుచుకుని, పెన్సిలుతో ఒక్కో కడ్డీ మీదుగా వెళ్ళారు. లెక్క తప్పు లేదన్నారు. "మరి ఈ కడ్డీలను పైన నిలబెట్టేది ఎవరు?" అని అడిగారు. పై కడ్డీలు అణగకుండా కింద పెట్టే ఇనుప ఆధారాలను మేము చైర్లు అంటాం. అవి ఎంత ఎత్తువి, ఎంతెంత దూరంలో పెట్టాలి అన్నది నేను డ్రాయింగ్‌లో రాయనేలేదు, మేస్త్రీ చూసుకుంటాడులే అని వదిలేశాను. ఆ మాట పైకి ఒప్పుకోవడానికి నాకు నిమిషం పట్టింది. ఆయన మాత్రం అప్పటికే చైర్ల బొమ్మ వేస్తున్నారు. నలభై నిమిషాలు గడిచాయి. నేను బయటికి వచ్చేటప్పుడు ఆయన భార్య గుమ్మం దగ్గర నిలబడి, "ఈ నెలలో ఆయన గొంతు ఇలా వినడం ఇదే మొదటిసారి నాయనా" అన్నారు.

ఆ మాటతో నాకు ఒక విషయం అర్థమైంది, మీకు అన్నిటికన్నా ముందు చెప్పదలచుకున్నది కూడా అదే. జబ్బు తెలిసిన రోజు నుంచి మేమందరం విశ్రాంతి పేరుతో ఆయన చేతిలోంచి పని లాగేసుకున్నాం. ఆఫీసు నుంచి ఫోన్లు ఆపేశాం. చూడటానికి వెళ్ళినవాళ్ళం వాతావరణం గురించి, మందుల గురించి, పాత జ్ఞాపకాల గురించి మాట్లాడి వచ్చాం. జబ్బు ఆయన శక్తిని తీసుకుంటోంది, మా దయ ఆయన వృత్తిని తీసుకుంది. ఆ తరువాత నేను ఎప్పుడు వెళ్ళినా ఒక డ్రాయింగ్ తీసుకువెళ్ళాను. ఓపిక లేని రోజున ఆయనే "ఇవాళ వద్దు" అనేవారు, నేను మారుమాట లేకుండా చుట్టేసేవాడిని. అందరూ ఇలాగే కోరుకుంటారని నేననను. పని పేరెత్తితేనే బాధపడేవాళ్ళు కూడా ఉంటారు. కానీ వద్దనే హక్కు వాళ్ళకే ఉండాలి, వాళ్ళ తరఫున మనం నిర్ణయించకూడదు.

నొప్పి మందు విషయంలో ఆయన కొన్ని వారాలు అనవసరంగా బాధపడ్డారు. మార్ఫిన్ మొదలుపెడితే బుర్ర మొద్దుబారిపోతుందని, అలవాటు పడిపోతానని భయపడి, నొప్పి భరించలేని స్థాయికి వచ్చాకే మింగేవారు. జబ్బు నయం కానివాళ్ళ బాధ తగ్గించడానికి ఇంటికి వచ్చే పాలియేటివ్ నర్సు ఓపికగా కూర్చుని చెప్పారు: నొప్పి వచ్చాక దాని వెనక పరుగెత్తడం కాదు, గడియారం చూసి వేళకు వేసుకుంటే నొప్పి చాలావరకు అదుపులో ఉంటుంది, మొదటి రెండు మూడు రోజుల మగత చాలామందికి తగ్గిపోతుంది, మలబద్ధకం మాత్రం తప్పదు కాబట్టి దానికి మందు మొదటి రోజు నుంచే వాడాలి. మందు వేళకు ఇవ్వాలన్న ఈ పద్ధతిని పట్టుబట్టి నిలబెట్టినవారు సిసిలీ సాండర్స్. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తరువాత డాక్టరై, 1967లో లండన్‌లో చివరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా వేళ ప్రకారం మందు అన్నది ఒక ముఖ్య సూత్రం. వేళకు వేసుకోవడం మొదలుపెట్టిన నాలుగో రోజున ఆయన నాతో, "నేను కట్టే భవనంలో పగులు వచ్చాక ఇనుము వేస్తానా? నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి లేకపోయింది" అన్నారు. తెలియని విషయంలో తెలిసినవాళ్ళ మాట వినడం ఆయనకు మొదటి నుంచీ ఉన్న గుణమే. భయం దాన్ని కొన్ని వారాలు కప్పేసింది.

మూడో నెలలో ఒక రోజు బీరువా తెరిపించి, గోధుమరంగు అట్ట వేసిన ఒక లావుపాటి పుస్తకం తీయించారు. ఆయన వృత్తిలో చేసిన తప్పులన్నీ అందులో తారీఖులతో ఉన్నాయి. పేజీకి మూడు గడులు గీసుకున్నారు: ఏం జరిగింది, అప్పుడు నేనేం అనుకున్నాను, ఎవరు పట్టుకున్నారు. దశాంశ బిందువు ఒక స్థానం జరిగింది, సాయంత్రం కాబట్టి రెండోసారి చూడలేదు, జూనియర్ పట్టుకున్నాడు. పాత డ్రాయింగ్ మీద సంతకం పెట్టాను, అన్నీ ఒకటే అనుకున్నాను, సైట్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఇలా పేజీలకు పేజీలు. నేను మొదటి గడి చదువుతూ పోతుంటే, ఆయన మూడో గడి మీద వేలు పెట్టి అక్కడ చూడమన్నారు. ఆ గడిలో ఎక్కువగా ఉన్నది ఆయనకన్నా చిన్నవాళ్ళ పేర్లు, ఆయనకన్నా తక్కువ జీతం ఉన్నవాళ్ళ పేర్లు. "వీళ్ళు నాకు చెప్పడానికి భయపడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు" అన్నారు.

మా వృత్తిలో ఇది ఊరికే అనే మాట కాదు. 1981లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఒక హోటల్ లోపల వేలాడే నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్ ప్రకారం పై వంతెన, కింది వంతెన రెండూ ఒకే పొడవాటి కడ్డీని పట్టుకుని వేలాడాలి. కట్టే సౌకర్యం కోసం దాన్ని రెండు కడ్డీలుగా మార్చారు, దాంతో పై వంతెన దూలం కింది నట్టు దగ్గర పడే బరువు రెట్టింపయింది. ఆ మార్పును ఎవరూ మళ్ళీ లెక్క కట్టి చూడలేదు. మా సార్ తరచుగా చెప్పే ఇంకొక ఉదాహరణ న్యూయార్క్‌లోని 59 అంతస్తుల సిటీకార్ప్ భవనం. దాని ఇంజనీరు విలియం లెమెషరియర్, భవనం పూర్తయ్యాక 1978లో, మూలల వైపు నుంచి వీచే గాలికి అందులోని బోల్టు అతుకులు చాలవని గ్రహించి, యజమానులకు తానే వెళ్ళి చెప్పారు. రాత్రిపూట ఆ అతుకుల మీద ఉక్కు పలకలు వెల్డింగ్ చేసి బలపరిచారు. ఆయన నోరు విప్పడాన్ని మా సార్ ఎంతో గౌరవించేవారు. కానీ ఆ సంగతి బయటి జనానికి 1995 దాకా తెలియకపోవడాన్ని మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ఆ చుట్టుపక్కల నడిచేవాళ్ళకు కూడా ఆ తప్పు సంగతి చెప్పాల్సిన బాకీ ఉంది" అనేవారు.

ఆ పుస్తకంలో ఒక పేజీలో మూడో గడి ఖాళీగా ఉంది. ఇరవై రెండేళ్ళ కిందటి తారీఖు. ఒక దూలం పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, డబ్బు నష్టపోయిన యజమాని కారకులెవరని నిలదీశాడు. తప్పు మా సార్ లెక్కలో ఉంది. ఆయన నోరు మెదపలేదు. ఆ డ్రాయింగ్ గీసిన యువకుడి మీద నింద పడింది, అతను ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. ఈ సంగతి ఆయన నాకు చెప్పినప్పుడు గొంతులో తడి లేదు, సాకు లేదు. నంబరు వెతికించారు. నన్నే కలపమన్నారు, స్పీకర్ పెట్టమన్నారు, గదిలోంచి వెళ్ళవద్దన్నారు.

అటువైపు మనిషి ఇప్పుడు యాభైకి దగ్గరపడినవాడు. మా సార్ పేరు చెప్పి, "ఆ దూలం తప్పు నాది. నాకు అప్పుడే తెలుసు. నేను చెప్పలేదు, అది నీ మీద పడింది" అన్నారు. చాలాసేపు నిశ్శబ్దం. ఆ తరువాత అతను, "ఇప్పుడు ఎందుకు చెబుతున్నారు సార్?" అని అడిగాడు. "ఇన్నాళ్ళూ చెప్పనందుకు" అన్నారు ఈయన. జబ్బు మాట ఎత్తలేదు. అతను సరే అని ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేయలేదు, చూడటానికీ రాలేదు.

అతను క్షమించి ఉంటే బాగుండునని నాకు అనిపించింది, ఆ మాటే అన్నాను. మా సార్ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. "నేను జబ్బు మనిషినని చెప్పి ఉంటే, ఇష్టం లేకపోయినా క్షమించానని అనేవాడు. అది అతని దగ్గర రెండోసారి లాక్కోవడం అవుతుంది" అన్నారు. కాసేపాగి, "అప్పుడే ఒక ఉత్తరం రాసి ఉంటే అతని ఉద్యోగం నిలిచేది. ఇవాళ చెప్పిన నిజం అతనికి దేనికీ పనికిరాదు, నాకు మాత్రమే పనికొచ్చింది" అన్నారు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న వాటిలో నన్ను మార్చింది ఏదైనా ఉంటే ఈ రెండు వాక్యాలే. చివరి రోజుల్లో అన్నీ సర్దుకుంటాయని, చెప్పాల్సినవి అప్పుడు చెప్పుకోవచ్చని నేను కూడా ఎక్కడో లోపల నమ్ముతూ ఉండేవాడిని. సర్దుకోవని కళ్ళారా చూశాను. నిజానికి కూడా గడువు ఉంటుంది, అది మన ఆయుష్షును బట్టి కాక, అవతలి మనిషికి అది ఉపయోగపడే కాలాన్ని బట్టి ఉంటుంది. ఆ వారమే నేను ఒక యజమానికి, నేను సరిచూడకుండా పంపిన మార్పు డ్రాయింగ్ ఒకటి ఉందని, అది వాడవద్దని రాశాను. ఆ పని మా చేయి జారిపోయింది.

చివరి పది రోజులు డ్రాయింగులు లేవు. తినడం మానేశారు. ఇంట్లోవాళ్ళు కంగారుపడి బతిమాలుతుంటే, ముగింపుకు వచ్చిన శరీరం ఆహారాన్ని వాడుకోలేదని, తినకపోవడం వల్ల చనిపోవడం కాదు, చనిపోతున్నందువల్లే ఆకలి పోతుందని, బలవంతంగా పెడితే పొలమారుతుందని నర్సు చెప్పారు. తడిపిన స్పాంజితో పెదవులు అద్దడం నాకు నేర్పించారు. ఊపిరి కొంతసేపు వేగంగా సాగి, నెమ్మదించి, పూర్తిగా ఆగి, మళ్ళీ మొదలయ్యేది. ఆ ఆగిన క్షణాలు మొదటి రోజు నన్ను భయపెట్టాయి, తరువాత అలవాటయ్యాయి. వినికిడి చివరిదాకా ఉండవచ్చని నర్సు అన్నారు. స్పందన లేని స్థితిలో ఉన్న కొందరు హాస్పిస్ రోగుల మెదడు శబ్దాలకు స్పందిస్తోందని మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష ద్వారా చూపించిన పరిశోధన 2020లో వచ్చింది కూడా. నేను చెవి దగ్గర వంగి, బాల్కనీ సెంట్రింగ్ విప్పామని, చైర్లు పెట్టించామని, పోసే ముందు నేనే దగ్గరుండి కొలిచానని, ఇనుము పైనే ఉందని చెప్పాను. ఆయనలో ఏ కదలికా కనిపించలేదు. రెండు రోజుల తరువాత పోయారు.

మీరు ఏం అడగాలని అడిగారు కాబట్టి, నాకు తోచింది చెబుతాను. ఈ వారమే వెళ్ళండి, వచ్చే నెల ఆయనకు మాట్లాడే ఓపిక ఉంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ముందుగా ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి, మందు వేసుకున్నాక ఏ వేళలో ఆయన తేలిగ్గా ఉంటారో కనుక్కోండి. అరగంటకు మించి కూర్చోవద్దు, ఆయన ఉండమంటే తప్ప. జీవితం గురించి చెప్పమని అడగకండి, ఆ ప్రశ్న మోయడానికి చాలా బలం కావాలి. ఆయనకు మీరు చేసిన అపచారం ఏదైనా మీ మనసులో ఉంటే, ఆయన వినగలిగే స్థితిలో ఉన్నప్పుడే చెప్పండి, బదులుగా ఏమీ ఆశించకండి. వెళ్ళేటప్పుడు, మీ పనిలో ప్రస్తుతం మీకు కొరుకుడు పడని చిక్కు ఒకటి వెంట తీసుకువెళ్ళండి. చూస్తారా అని అడగండి. వద్దంటే సంచిలోనే ఉంచేయండి.