సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లో గోడ స్పష్టం, ముఖం మసక: సమాధానం

వేషం కట్టి మిమ్మల్ని మీరే తీసుకున్న ఫొటోల్లో ముఖం మసకగా, వెనక గోడ స్పష్టంగా వస్తోందని, అడ్డచారలు పడుతున్నాయని, రిమోట్‌తో తీస్తే అది చేతిలో కనబడుతోందని రాశారు. మీ లెన్సు బాగానే ఉందండి. 50 ఎంఎం లెన్సు, ఎఫ్/1.8 (లెన్సు రంధ్రం బాగా తెరిచిన సెట్టింగు; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది), పది సెకన్ల టైమర్ అన్నారు కదా. బటన్ నొక్కినప్పుడు ఫ్రేములో మీరు లేరు, కెమెరా గోడను పట్టుకుంది. నిలబడే చోట నేల మీద టేపు అతికించండి. అక్కడే మీ కళ్ల ఎత్తులో ఒక లైట్ స్టాండుకు అచ్చు కాగితం తగిలించి, అక్షరాల మీద ఫోకస్ చేసి, లెన్సును మాన్యువల్ ఫోకస్‌కు మార్చేయండి, ఇక కెమెరా తనంతట తాను ఫోకస్ మార్చదు. ఆ తర్వాత ఫోకస్ రింగును తాకొద్దు.

ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సరుండే) కెమెరాలో రెండున్నర మీటర్ల దూరానికి ఎఫ్/1.8 వద్ద స్పష్టంగా వచ్చే లోతు పావు మీటరే. ఎఫ్/8 పెడితే సుమారు 2 నుంచి 3.2 మీటర్ల దాకా వస్తుంది. అసలు వేషం కట్టి తీసే ఫొటోలో గది కూడా ఒక పాత్రే, దాన్ని మసకబార్చడం దండగ. వెలుగు తగ్గితే ఐఎస్ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600కి పెంచండి.

ఆ అడ్డచారలు ఎల్ఈడీ బల్బు మిణుకు వల్ల వచ్చినవి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను ఉంచితే చాలావరకు పోతాయి.

చేతిలో రిమోట్ కనబడుతోందని బెంగ వద్దు. వేషాలు కట్టి తన ఫొటోలు తానే తీసుకున్న అమెరికన్ కళాకారిణి సిండీ షెర్మన్ 1977–80 నాటి ‘అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్’లో కొన్నింట షట్టర్ నొక్కే కేబుల్ కనిపిస్తూనే ఉంటుంది. దాచాలనే ఉంటే రెండు సెకన్ల డిలే పెట్టుకుని, నొక్కగానే కొంగు చాటుకు తీసేయండి.