సమాధానం: బీఎస్సీ మైక్రోబయాలజీతో ఫుడ్ కంపెనీలో ఉద్యోగం

హన్మకొండలో బీఎస్సీ (మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, జువాలజీ) అయిపోయింది, ఎమ్మెస్సీ చదివే స్తోమత లేదు, క్యూసీ (సరుకు నాణ్యత పరీక్షించే) పోస్టులకు పెడితే ఎవరూ పిలవట్లేదు అన్నారు. రెజ్యూమెలో “ల్యాబ్ స్కిల్స్” అన్న మాట తీసేసి చేసిన టెస్టుల పేర్లు రాయండి: టోటల్ ప్లేట్ కౌంట్ (మొత్తం బ్యాక్టీరియా లెక్క), కోలిఫారం (అపరిశుభ్రతను పట్టిచ్చే బ్యాక్టీరియా), ఈస్ట్-మోల్డ్ (బూజు జాతి), తేమ.

ఇంటర్వ్యూలో వీటి మీదే గుచ్చి గుచ్చి అడుగుతారు. ప్లేట్ కౌంట్‌కైతే 10 గ్రాముల శాంపిల్‌ను 90 మి.లీ. స్టెరైల్ డైల్యూయెంట్‌లో (సూక్ష్మజీవులు లేని, పలచన చేసే ద్రవంలో) కలిపితే మొదటి డైల్యూషన్. అక్కణ్నుంచి పదేసి రెట్లు పలచన చేస్తూ, 1 మి.లీ. చొప్పున ప్లేట్లలోకి. అగార్ (బ్యాక్టీరియా పెరగడానికి పోసే జెల్లీ లాంటి పదార్థం) 45 డిగ్రీలకు చల్లారకముందే పోస్తే కొంత బ్యాక్టీరియా చచ్చి కౌంట్ తక్కువొస్తుంది, చెడ్డ సరుకు పాసైపోతుంది.

మనకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి, నిజామాబాద్ పసుపు దగ్గరే కాబట్టి ముందు మసాలా యూనిట్లకు పెట్టండి. తేమ ఎలా చూస్తారంటే ఓవెన్ అని చెప్పేయకండి. వేడికి మసాలాలోని సుగంధ తైలం కూడా ఆవిరై తేమ ఎక్కువ చూపిస్తుంది. అందుకే టోలీన్ డిస్టిలేషన్ అనండి, అంటే టోలీన్ అనే ద్రావకంలో మరిగించి, వేరుపడిన నీటిని మాత్రమే కొలవడం. ఎండుమిర్చికి పరిమితి 11 శాతం. దాటితే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం.

రైస్ మిల్లుల్లో తేమ, నూకల శాతం చూడటంతోనే సరి, మీ మైక్రోబయాలజీ మూలన పడుతుంది.

ఫోస్టాక్ (ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఆహార భద్రత) శిక్షణ చిన్నదే, చేసెయ్యండి, కానీ దాన్ని చూసి ఉద్యోగం ఇవ్వరు. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు మైక్రోబయాలజీ డిగ్రీ చెల్లుతుంది, కెమిస్ట్రీకైతే పీజీ ఉండాలి. మీది మూడు సబ్జెక్టుల డిగ్రీ, నోటిఫికేషన్‌లో అర్హత చదివాకే ఫీజు కట్టండి.