వాన్ డామ్ మళ్లీ థియేటర్ సినిమాల్లోకి వచ్చే ఛాన్స్ ఉందా?

విలన్‌గానో, నలుగురైదుగురు స్టార్లున్న సినిమాలో ఒకడిగానో అయితే హాలీవుడ్ యాక్షన్ హీరో జీన్ క్లాడ్ వాన్ డామ్ వస్తాడు. సోలో హీరోగా, అమెరికాలో రెండు మూడు వేల థియేటర్లలో రిలీజయ్యే సినిమాతో అంటే మాత్రం నేను ఆశ పెట్టుకోను.

వయసే అడ్డు అనుకుంటారు చాలామంది. కానీ 1960లో పుట్టిన మనిషికి థియేటర్లు దూరమైంది 1999లోనే, నలభై కూడా నిండకుండా. 1994లో 'టైమ్‌కాప్' ప్రపంచవ్యాప్తంగా 10 కోట్ల డాలర్ల గ్రాస్ తెస్తే, ఐదేళ్లకి 'యూనివర్సల్ సోల్జర్: ది రిటర్న్' అమెరికాలో కోటి డాలర్ల దగ్గరే చతికిలపడింది. తర్వాత వచ్చినవి ఎక్కువగా నేరుగా డీవీడీకే.

అసలు చిక్కు లెక్కల్లో ఉంది. మన దగ్గర నైజాం, సీడెడ్ అని అమ్మినట్టే, ఇలాంటి సినిమాల్ని షూటింగ్‌కి ముందే కేన్స్ మార్కెట్ లాంటి చోట్ల దేశాల వారీగా అమ్ముతారు. బయ్యర్ కొనేది పోస్టర్ మీది మొహాన్ని. ఆ అగ్రిమెంట్లు బ్యాంకుకి చూపించి అప్పు తెస్తారు. అంటే ఒక్క షో పడకముందే పెట్టుబడిలో చాలా భాగం సేఫ్. అలాంటప్పుడు థియేటర్ రిలీజ్ అనే జూదం ఎవరాడతారు? టికెట్ డబ్బులో దాదాపు సగం థియేటర్‌కే పోతుంది. దేశమంతా రిలీజ్ చేయాలంటే ఒక్క పబ్లిసిటీకే చిన్న సినిమా బడ్జెట్‌కి కొన్ని రెట్లు కావాలి.

ఇక ఫైట్లు. బడ్జెట్ తక్కువైతే షెడ్యూల్ నాలుగైదు వారాలే. హీరో మోకాలు పట్టేస్తే షూటింగ్ మొత్తం ఆగుతుంది. అందుకే డూప్‌ని వెనక నుంచి తీసి, మధ్యమధ్యలో హీరో క్లోజప్‌లు అతికిస్తారు. కాలు లేవడం ఒక షాట్, తగలడం ఇంకో షాట్. వాన్ డామ్ అంటేనే ఫుల్ ఫ్రేమ్‌లో గిర్రున తిరిగి కొట్టే కిక్కు. దాన్ని ముక్కలు చేస్తే జనం ఇట్టే పట్టేస్తారు, పెద్ద తెర మీద మరీను.

విలన్ వేషానికి ఈ గొడవ లేదు. 2012లో 'ఎక్స్‌పెండబుల్స్ 2' చూడండి: కాసిని సీన్లు, నల్ల కళ్లద్దాలు, కత్తిని ఎదుటివాడి గుండెలోకి దింపే ఒక్క కిక్కు. అంతే, గుర్తుండిపోయాడు. సినిమా 30 కోట్ల డాలర్లు దాటింది, బరువు మాత్రం హీరో సిల్వెస్టర్ స్టాలోన్ మీద. నటన సంగతా? 2008లో 'జేసీవీడీ'లో తన పాత్ర తనే వేసి, కెమెరా వైపు చూస్తూ నిమిషాల తరబడి కట్ లేకుండా మాట్లాడాడు. విమర్శకులు మెచ్చుకున్నారు. వైడ్ రిలీజ్ మాత్రం దక్కలేదు.

ఈసారి 'కమ్‌బ్యాక్' అని వార్త వస్తే మూడు చూడండి: అమెరికా డిస్ట్రిబ్యూటర్ ఎవరు, ఎన్ని థియేటర్లు, ఓటీటీ ఎప్పుడు. 'సెలెక్ట్ థియేటర్స్ అండ్ ఆన్ డిమాండ్' (కొన్ని థియేటర్లలోనూ, ఇంట్లో డబ్బు కట్టి చూడటానికీ) అని ఒకే తేదీ వేశారంటే అది పేరుకే థియేటర్ సినిమా.